ఫోటోలో పొద్దు

“ఆ పొద్దును తీసెయ్ పాపా. చూసినోళ్లు నవ్వుతారు” అంది రాసాత్తి.

విజి మౌస్ మీద చెయ్యి ఆపింది. తూర్పు తీరాన రాయపురంలోని ఆ చిన్న స్టూడియోలో ఆమె పని, కదలని ఫోటోల్లో వాన కురిపించడం, మబ్బుల్ని నడిపించడం, దీపాలు మినుకుమనేలా చెయ్యడం. ఈ ఫోటోతో పొద్దున్నుంచీ కూర్చుంది. తెర మీద అంతోని ఇసుకలో నిలబడి నవ్వుతున్నాడు. వెనక అలలు కదులుతున్నాయి. నీళ్ల మీద వెలుగు తళతళలాడుతోంది. ఎర్రటి సూర్యుడు మెల్లమెల్లగా సముద్రంలోకి దిగిపోతున్నాడు.

“బాగలేదా అక్కా?”

“బాగుండాది. కానీ మన సముద్రంలో పొద్దు పొడుస్తాది గానీ గూకుతాదా? ఇస్కూల్లో తూర్పు పడమర చెప్పలేదా నీకు?” రాసాత్తి మరిది వైపు తిరిగింది. “నువ్వు చెప్పు సెల్వం. పొద్దు నీళ్లలో మునగడానికి ఇదేమన్నా మీ మంగళూరా?”

మంగళూరు బోట్లలో పనిచేసే సెల్వం నిన్ననే వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

“పొద్దును ఎవురు చూస్తారు వదినా? అన్న మొగం తెలిస్తే చాలదా. తీసుకోని రా, పోదాం. ఫాదర్ కాచుకోనుండాడు.”

“హార్బరంతా వచ్చి కూర్చుంటాది సామీ. అంతోని పెండ్లానికి తూర్పేదో తెలీదంటారు.”

మర్నాడు చర్చి హాల్లో, ఈ బొమ్మ తెర మీద వేసి, అంతోనికి ప్రార్థన. చేపలకని ఒంటరిగా వెళ్లిన అతని ఫైబర్ బోటు ఖాళీగా దొరికి మూడేళ్లు. మనిషి దొరకలేదు. ఇన్నాళ్లూ రాసాత్తి అతని ఫోటోకు దండ వెయ్యనివ్వలేదు. కళ్లతో చూడకుండా దండేందని అందరితో పోట్లాడింది. ఈ ఏడు ఎందుకో సరేనంది. నవ్వే ఫోటో ఒకటి కావాలంటే, సెల్వం తన ఫోన్లోంచి ఇది పంపాడు.

“ఉండక్కా” అంటూ విజి ఒక మీట నొక్కింది. బొమ్మ వెనక్కి నడిచింది. అలలు కూడా వెనక్కే పోతున్నాయి గానీ అది ఎవరి కంటా పడదు. సూర్యుడు నీళ్లలోంచి పైకి లేచాడు.

రాసాత్తి మొహం విచ్చుకుంది. “ఇట్ట. ఇప్పుడు మా ఆయన మా సముద్రం కాడ ఉండాడు.” కొంగుతో కళ్లు తుడుచుకుని తెర మీదికి వంగింది. “ఆ చొక్కా చూడు పాపా, చిలకపచ్చది. కిరీస్మస్‌కని దాచిపెట్టినా. బోటుకు పొయ్యే సాయంత్రం పెట్టెలోంచి తీసి మడత విప్పినాడు. సముద్రానికి కొత్త చొక్కా ఏంది, చాపల పెండ్లికి పోతావుండావా అని ఎగతాళి చేసినా. నవ్వి, ఏసుకోని పోయినాడు...”

తెర మీద సూర్యుడు మళ్లీ లేచాడు. రాసాత్తి ఒకసారి పొద్దును, ఒకసారి చొక్కాను చూసింది.

“ఆ చొక్కా ఏసుకున్నాక ఆయనకు ఈడ తెల్లారనే లేదే” అంది రాసాత్తి, తనలో తను అనుకుంటున్నట్టు. “సెల్వం, ఈ ఫోటో ఎప్పటిది?”

“ఆ సాయంత్రందే వదినా. బోటెక్కే ముందర ఈడనే తీసి పంపినాడు.”

“సాయంత్రం సముద్రం మీద పొద్దెట్ట వచ్చె?”

“అది నిజం పొద్దా ఏంది? అంతా ఈ పాప గ్రాఫిక్స్.” సెల్వం నవ్వాడు. “ఏం పాపా, నువ్వు పెట్టిందే కదా? చెప్పు.”

అతని పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్లు విజిని వదలడం లేదు.

“నువ్వు పెట్టిందేనా?” రాసాత్తి అడిగింది.

విజి పొద్దున్నుంచీ పెట్టినవన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. నీళ్ల మీది తళతళ పోయింది. అలలు నిలిచిపోయాయి. మబ్బులు ఆగాయి. చివరికి సెల్వం పంపిన ఫోటో ఒక్కటే మిగిలింది. అంతోని భుజం పక్కన, నీళ్ల అంచున, మంచులాంటి మసకలో, జాగ్రత్తగా చూస్తే తప్ప కనబడని సగం సూర్యుడు.

“నేను వెలుగు పెంచి కదిలించినానంతే అక్కా. పొద్దు ముందునించీ ఫోటోలోనే ఉండాది.”

సెల్వం ఫోన్ జేబులో పెట్టుకుని గుమ్మం దిగబోయాడు.

రాసాత్తి చంకలోని సంచి తీసి బల్ల మీద పెట్టింది. అందులోంచి రేపటి గంధం దండ కొస బయటికి జారింది. ఆమె దాన్ని చూడలేదు.

“మంగళూర్లో యాడుండాడు సెల్వం, మీయన్న?”