చీటీ కింద వస్తుందమ్మా

"చీటీ కింద వచ్చిందమ్మా. మోకాలి దగ్గర చూడు."

మూడోసారి టోకెన్ యంత్రం మీట నొక్కబోతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వంగి చీటీ తీసుకుని, "అయ్యో, చూడనే లేదు బాబాయ్" అని నవ్వుకుంటూ డాక్టరు గది వైపు వెళ్లిపోయింది.

బెంచీ మీది పెద్దాయన మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

స్తంభం పక్కన నిలబడ్డ అమ్మాయి విసుగ్గా పుస్తకం మూసేసింది. ఇవాళ కూడా రాసుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఆసుపత్రి హాల్లోని ఆ టోకెన్ యంత్రంతో జనం ఎలా నెగ్గుకొస్తున్నారో చూసి చెప్పడం ఆ అమ్మాయి పని. దూరంగా నిలబడాలి. సాయం చేయకూడదు. ఎవరు ఎక్కడ తడబడ్డారో రాసుకోవాలి. అంతే.

సూపరింటెండెంట్ మొదటిరోజే తేల్చి చెప్పాడు.

"ఎనిమిదేళ్లలో దానిమీద ఒక్క ఫిర్యాదు రాలేదమ్మా. బాగున్నదాన్ని కెలకడం దేనికి? మూడు రోజులు చూడండి. తప్పుంటే చూపించండి, మారుస్తాం. లేదంటే ఇంకో పదేళ్లు ఇదే."

అప్పుడే రెండు రోజులు గడిచిపోయాయి.

"ఎవరాయన?" వాచ్‌మన్‌ని అడిగింది.

"బెంచీ పెద్దాయన అంటాం మేడమ్. హాజరుపట్టీలో పేరు లేదు గానీ, మాకంటే ముందే వస్తాడు."

"ఒంట్లో బాగోలేదా?"

"ఆయనకా? గుండ్రాయిలా ఉంటాడు. ఇంట్లో పొద్దుపోదేమో!"

మూడోరోజు పొద్దున్నే ఆ అమ్మాయి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"తాతగారూ, ఒక సాయం చేస్తారా? ఈ ఒక్కపూట మీరు ఎవరికీ ఏమీ చెప్పకూడదు."

"అదేం సాయమమ్మా! ఇబ్బంది పడతారు కదా."

"పడాలి. పడితేనే నేను రాసుకునేది. తప్పు చీటీ తీసుకున్నవాళ్లని నర్సమ్మ సరిచేసి లోపలికి పంపుతుంది. మాట్లాడి పెట్టాను. ఎవరి వంతూ పోదు."

ఆయన ఇంకా తటపటాయిస్తున్నాడు.

"మీరు పక్కన ఉన్నంతసేపూ ఇది బంగారంలాంటి యంత్రమే తాతగారూ. పైవాళ్లు దీన్ని ఎందుకు మారుస్తారు?"

పెద్దాయన యంత్రం వైపు తిరిగి చూశాడు.

"అంటే... ఇన్నేళ్లూ దీన్ని ఇక్కడ నిలబెట్టింది నేనేనంటావు."

"అయ్యో, మిమ్మల్ని అనడం లేదు. అనాల్సింది దీన్ని తయారుచేసిన మహానుభావుణ్ణి. చీటీ వస్తే మోకాలి దగ్గర ఎవరు చూసుకుంటారండీ? మనిషి మొహం ఎప్పుడైనా చూశాడో లేదో!"

"చూడలేదేమోలే" అని, లేచి వెళ్లి దూరంగా కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పూట యంత్రం బండారం బయటపడింది.

మీట నొక్కితే చీటీ కింద పడేది. పైన తెర మాత్రం 'వేచి ఉండండి' అనే అంటుండేది. జనం మళ్లీ నొక్కేవారు. ఇంకో చీటీ పడేది. వెనకవాళ్లు వచ్చి ముందువాళ్ల చీటీ పట్టుకుపోయేవారు.

చేతికి కట్టు కట్టిన కూతురితో ఒకావిడ వచ్చింది. నాలుగుసార్లు నొక్కింది. తెరవైపు చూస్తూ, "ఇదేమిటే, ఉలకదు పలకదు" అంది. కూతురు తెరమీద మొట్టికాయ వేసింది.

కిటికీ దగ్గర పెద్దాయన సగం లేచాడు.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

ఆయన కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. నలభై ముగ్గురిలో ఇరవై తొమ్మిదిమంది రెండుసార్లకు పైగా నొక్కారు. పదకొండుమంది చేతుల్లోకి వేరేవాళ్ల చీటీలు వెళ్లాయి.

"రాసుకున్నావా?" పెద్దాయన వచ్చి అడిగాడు.

"పుస్తకం నిండిపోయింది."

"అన్నీ రాశావా? మీట రంగు కూడా? ఎర్రమీటంటే ఆపేదనుకుని భయపడతారు, చూశావుగా."

"అదీ రాశాను. మీ కళ్లు మా వాళ్లకు ఉంటే బాగుండేది తాతగారూ."

ఆయన నవ్వలేదు. "ఏదీ వదలకు" అని, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రిపోర్టు చదివాక సూపరింటెండెంట్ మార్చడానికి ఒప్పుకున్నాడు. రెండు నెలల్లో కొత్త యంత్రం వచ్చింది. మీట ఆకుపచ్చగా ఉంది. చీటీ సరిగ్గా కళ్లెదుట పడుతోంది.

అది పెట్టిన మూడోరోజు అమ్మాయి చూడటానికి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

"పెద్దాయనేడీ?"

"మొదటిరోజు వచ్చాడు మేడమ్. గంటసేపు నిలబడే ఉన్నాడు. అందరూ వస్తున్నారు, నొక్కుతున్నారు, చీటీ తీసుకుని పోతున్నారు. ఒక్కరూ ఆయన్ని ఏమీ అడగలేదు. వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు."

"పాపం. ఉన్న కాలక్షేపం కాస్తా నేను పోగొట్టాను. ఇల్లెక్కడో తెలుసా?"

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. "ఏడేళ్లనుంచీ చూస్తున్నాం గానీ, ఎప్పుడూ అడగలేదు."

పైన స్టోర్‌లో పాత యంత్రం కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టారు. పారేసేలోపు పనికొచ్చేది ఉంటే తీసుకోమన్నారు. కట్ట మధ్యలో సూపరింటెండెంట్ పేరిట ఒక కవరుంది. పైన ఏడేళ్లనాటి ముద్ర. అంచు చింపనే లేదు.

ఆమె చింపింది.

చీటీ పడే చోటు. తెరమీది మాట. మీట రంగు. తను రాసినవన్నీ అందులో ఉన్నాయి, గుండ్రటి చేతిరాతలో, తనకంటే వివరంగా.

చివర ఇలా ఉంది:

"ఈ యంత్రాన్ని డిజైన్ చేసింది నేనే, సరిదిద్దడానికి అనుమతిస్తూ మీ జవాబు వచ్చేదాకా, నా తప్పువల్ల ఎవరూ ఇబ్బంది పడకుండా రోజూ పొద్దున్నే వచ్చి దాని పక్కన కూర్చుంటాను."