గంప కింద తల్లి

గద్ద నీడ పెరట్లో పడగానే ఇంటావిడ సూరమ్మ పరుగెత్తుకొచ్చి, తల్లికోడినీ పిల్లల్నీ గంప కింద మూసేసింది.

"సూరమ్మకి మనమంటే ఎంత ప్రేమో!" అంది చిట్టి కోడిపిల్ల.

"గద్దకీ మనమంటే ప్రేమేనే," అంది తల్లి.

"మరి నీది ఎలాంటి ప్రేమమ్మా?"

తల్లి నోరు తెరిచేలోగా వాకిట్లో ఆటో ఆగింది.

"అల్లుడుగారొచ్చారు! కోడిని కొయ్యాలి," అంటూ సూరమ్మ సంబరంగా వచ్చి గంప ఓ పక్కకి ఎత్తింది.

తల్లి పారిపోవచ్చు. సందుంది. కానీ తను పరిగెడితే పిల్లలన్నీ వెంటబడి వచ్చేస్తాయి. పైన గద్ద ఇంకా తిరుగుతూనే ఉంది.

చెయ్యి లోపలికొచ్చింది.

తల్లి రెక్కలు విప్పి పిల్లల్ని కప్పుకుంది. కదల్లేదు.