ఆరోగ్యవంతుల లిస్టులో ఒకరు తక్కువ

"కదలకండి మేడం, ఇది మూడోసారి" అంటూ ల్యాబ్ అటెండర్ బిక్షపతి వాసంతి చేతికి బీపీ పట్టీ చుట్టాడు.

ఒంట్లోని వాపును రక్తంలో పసిగట్టే సీఆర్పీ పరీక్షకూ, బీపీకీ ఉన్న చుట్టరికం మీద వాసంతి పీహెచ్‌డీ. ఐదేళ్లలో దిద్దిన డ్రాఫ్టులు పేరిస్తే తార్నాక మెట్రోకి ఇంకో మెట్లదారి అయ్యేది. బీపీ ఉన్నవాళ్లు యాభై మందీ దొరికారు. ఆరోగ్యవంతులు మాత్రం క్యాంపస్ అంతా జల్లెడ పట్టినా నలభై తొమ్మిది దగ్గరే ఆగారు. విసిగిపోయి యాభయ్యో మనిషిగా తన రక్తమే ఇచ్చుకుంది.

"నూట యాభై రెండు, తొంభై ఎనిమిది. సీఆర్పీ సుత ఎక్కువనే వచ్చింది."

"మిషన్ పాడైంది. పైగా మెట్లెక్కి వచ్చిన."

"మెట్లెక్కి గంటయింది. మన బీపీ లిస్టుల ఉన్న లాలాగూడ రైల్వే సారు గిట్లనే అంటే మీరే నవ్విన్రు."

వాసంతికి ఇప్పుడు నవ్వే ఓపిక లేదు. "ఈ శాంపిల్ పారేసి ఇంకొకర్ని పట్టుకొస్తవా? శుక్రవారమే సబ్మిషన్."

"పట్టుకొస్తా. శాంపిల్ పోతది, బీపీ పోతదా?"

"మరి నేనిప్పుడు ఏం చెయ్యాలె కాకా?"

అడిగాక గుర్తొచ్చింది. బీపీ ఉన్న ఆ యాభై మందీ తనను అడిగిందీ ఇదే. "ఇది రీసెర్చ్ మాత్రమే, డాక్టర్ని కలవండి" అని యాభైసార్లూ తలెత్తకుండానే పంపేసింది.

"వాళ్లంతా ఎటు పోయిన్రో..."

"ఎటు పోతరు? తార్నాకల డాక్టరమ్మ దగ్గరికి ఒక్కొక్కర్ని నేనే తీస్కపోయిన." బిక్షపతి పట్టీ విప్పాడు. "లెవ్వు బిడ్డా, చెప్పులేస్కో."