గుడ్లగూబ కార్డు

"ఇంకోసారి చదువు," అన్నాడు లేలాండ్.

"ఎన్నిసార్లు చదివినా అంతే. నాలుగు వందల పన్నెండు డాలర్లు," అంటూ మార్సీ బ్యాంకు చెక్కును అతని ముందుకు తోసింది.

మార్సీ డులూత్ ఊళ్ళో ఒక చిన్న లైబ్రరీ చూసుకుంటుంది. లేలాండ్ పగలు ప్రింటర్లు బాగుచేస్తాడు, మిగిలిన టైములో లైబ్రరీల కోసం ప్రోగ్రాం రాస్తాడు. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మూడొందల చిన్న ఊళ్ళ లైబ్రరీలు దాని మీదే నడుస్తున్నాయి. వారంలోగా సర్వర్ అద్దె నాలుగు వందలు కట్టకపోతే అన్నీ ఒక్కసారే మూలపడతాయి.

ఆ ప్రోగ్రాం గుర్తు గుడ్లగూబ. ఆ బొమ్మతో, ప్రోగ్రాం పేరు మీద బ్యాంకు ఒక క్రెడిట్ కార్డు తెచ్చింది. దాంతో వంద డాలర్లు ఖర్చుపెడితే ఒక డాలరు ప్రోగ్రాంకి వస్తుంది. ఆ ఆలోచన ఓరిన్‌ది. లేలాండ్, ఓరిన్ కలిసే అన్నీ మొదలుపెట్టారు. రెండేళ్ళ కిందట మాటా మాటా పెరిగి, నీ గుడ్లగూబని నువ్వే మేపుకో అని ఓరిన్ వెళ్ళిపోయాడు. కార్డు తీసుకున్నది ఏడుగురే. ఏడాదికోసారి వచ్చే చెక్కు ఇరవై డాలర్లు దాటిన పాపాన పోలేదు.

"అంటే ఎవడో నలభై వేల దాకా గీకాడు," అన్నాడు లేలాండ్.

ఓరినేమో అంది మార్సీ. లేలాండ్ నవ్వాడు. బూట్లకి అట్టముక్కలు పెట్టుకుని తిరిగేవాడికి నలభై వేలెక్కడివి? ఆ కార్డు వాడు ఏనాడో కత్తిరించి పారేసి ఉంటాడన్నాడు. మార్సీ వద్దంటున్నా వినకుండా, వాడికి వినిపించి తీరాలని ఫోను చేశాడు.

ఓరిన్ భార్య రూత్ ఎత్తింది. ఆయన పడుకున్నాడంది. మధ్యాహ్నం రెండింటికి నిద్రేమిటి, దర్జా కాకపోతే అనుకున్నాడు లేలాండ్.

"లేచాక చెప్పు రూత్, వాడు లేకపోయినా గుడ్లగూబ బతికే ఉందని. ఎవడో పుణ్యాత్ముడు ఒక్క ఏడాదిలో మా కార్డు మీద నలభై వేలు ఖర్చుపెట్టాడు. పడవే కొన్నాడో, ఏం కొన్నాడో."



"ఇంకో కార్డుకి వడ్డీ తక్కువని ఎంత చెప్పినా ఆయన వినడు," అంది రూత్. "డబ్బు కట్టమన్న ప్రతిసారీ ఆ గుడ్లగూబదే ఇవ్వమంటాడు."

"ఎవరు కట్టమన్నప్పుడు?"

"క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు."