క్షేమంగా ఉన్నాను

కెనడాలోని సస్కటూన్ చుట్టూ మంచు తుఫాను. ధాన్యం గాదెలకు సెన్సర్లు బిగించడానికి ఒంటరిగా వెళ్లిన కిరీటి దగ్గర్నుంచి పొద్దుటినుంచీ కబురు లేదు. పోలీసులు వెతుకుతున్నారు.

మధ్యాహ్నం అతని భార్య ధరణి ఫోన్ మోగింది. ఒంటరిగా పొలాలకు వెళ్లేవాళ్ల కోసం ఆమే రాసిన యాప్‌లో కిరీటి మెసేజ్: "క్షేమంగా ఉన్నాను."

ధరణి ఏడుస్తూనే పోలీసులకు చెప్పింది. దారులు తెరిచాక ఇంటికొస్తాడులెమ్మని వాళ్లు వెతకడం ఆపేశారు.

ఫోన్ పెట్టేశాక ఆమెకొక అనుమానం వచ్చింది. యాప్‌లో మెసేజ్‌లు పంపే పనంతా ఆమె ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి, అంటే ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన కోడ్‌కి, అప్పగించింది. సిగ్నల్ లేకపోతే అది మెసేజ్‌ను దాచుకుని, దొరికినప్పుడు పంపుతుంది. లాప్‌టాప్ తెరిచి మెసేజ్ వివరాలు చూసింది. కిరీటి ఆ మెసేజ్ బటన్ నొక్కింది పొద్దున, తుఫాను మొదలవకముందు.

మళ్లీ పోలీసులకు ఫోన్ చేసింది. "అది పాత మెసేజ్! ఇప్పుడెలా ఉన్నాడో నాకు తెలీదు. సెర్చ్ ఆపకండి ప్లీజ్! తన ఫోన్‌కి ఇందాక ఏ టవర్ సిగ్నల్ దొరికిందో చూడండి!"

చీకటి పడేలోపు, రోడ్డు పక్క గుంటలో బోల్తా పడ్డ కారు దొరికింది.

ఆసుపత్రిలో కిరీటి చెప్పాడు. "కాళ్లు ఇరుక్కుపోయాయి. ఫోన్ సీటు కింద పడింది, చేతికందలేదు. ఉన్నట్టుండి, పొద్దున నొక్కిన మెసేజ్ వెళ్లిన చప్పుడు వినబడింది ధరణీ. అప్పుడేసింది అసలు భయం. ఇంక నాకోసం ఎవరూ రారనుకున్నా."