వెళ్ళొస్తాను

రోజూ సాయంత్రం ఇల్లు తనంతట తానే ఇద్దరికి అన్నం వండి, "అక్కగారు ఇంకా రాలేదండీ" అనేది. ఆ మాట విన్నాక వకుళకు ముద్ద దిగేది కాదు. ఆస్పత్రికని బయల్దేరిన అక్క ఆస్పత్రిలోనే పోయింది.

ఇల్లు తయారుచేసిన కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే జవాబు.

"ఎందుకలా అంటోందో మాకూ తెలీదండీ. లోపలి కోడ్ బయటివాళ్ళకి చూపించం."

"నేనూ ప్రోగ్రామర్‌నే బాబూ. చూపిస్తే నేనే సరిచేసుకుంటాను."

"ఇక్కడా అందరం ప్రోగ్రామర్లమేనండీ. మాకే చూపించరు."

కొన్నాళ్ళకు ఆ కంపెనీ మూతపడి, కోడ్ అందరికీ తెరిచారు. వకుళ కాఫీ చల్లారేలోపే తప్పు పట్టేసింది. "వెళ్తాను" అన్నవాళ్ళు వెళ్ళిపోయినట్టు, "వెళ్ళొస్తాను" అన్నవాళ్ళు తిరిగొచ్చేదాకా ఎదురుచూడాల్సినవాళ్ళు అని ఎవరో రాసిపెట్టారు. గడప దాటుతూ "వెళ్తాను" అనే తెలుగువాళ్ళెవరు? ఆ వాక్యం మార్చి, తనలాంటివాళ్ళకు పనికొస్తుందని నలుగురికీ అందేలా పెట్టింది. ఆ పూట ఇల్లు ఒక్కరికే వండింది, ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు కాకినాడ నుంచి ఒక పెద్దాయన సందేశం పంపాడు.

"మా మనవరాలు మీరు మార్చినది మా ఇంట్లో వేసింది తల్లీ. మా ఆవిడ కోసం నాతోపాటు ఎదురుచూసేది ఆ ఇల్లొక్కటే. పాతది మళ్ళీ పెట్టుకోవచ్చా? పిల్లని అడగాలంటే మొహమాటంగా ఉంది."

"పెట్టుకోవచ్చు బాబాయిగారూ. కోడ్ ఇప్పుడు మీదే" అంటూ ఏ వాక్యం ఎలా మార్చాలో వకుళ విడమరిచి రాసింది. పంపేముందు సరిచూడాలని, తన ఇంట్లో ఒకసారి మార్చి చూసింది. బాగానే పనిచేసింది. పంపేశాక ఆ పాత వాక్యాన్ని తీసెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు.