మేడమ్‌గారి అత్తగారు

"లేవండి. అది నా కుర్చీ."

కుర్చీలో ఉన్నావిడ తలెత్తి చూసింది. ల్యాబ్ తలుపు పక్కనున్న ఆ ఒక్క కుర్చీకే వీపు ఆనించుకునే వీలుంది. మిగతావన్నీ ఎత్తు స్టూళ్ళు.

"మోకాళ్ళు వంగవు నాయనా, స్టూలు ఎక్కలేను. కాసేపు కూర్చుంటాను."

"ఇది డాక్టర్లకీ పరిశోధకులకీ ఇమ్యునాలజీలో పెద్ద ట్రైనింగ్. బస్టాండు కాదు."

ఆ మాటన్నది టాపర్. రాసిన ప్రతి పరీక్షలోనూ ఫస్టు వచ్చాడు కాబట్టి ఆ పేరు. ఇంటిపేరు కంటే గట్టిగా అతుక్కుంది. మనిషి చెడ్డవాడని అనను గానీ, ఆ రోజు అతని నోటికి అడ్డూ అదుపూ లేదు.

కారణం ఉంది. చెల్లెలు ఆస్పత్రిలో ఊపిరాడక కొట్టుకుంటోంది. జబ్బుకి కారణం క్రిమి అయితే ఒక మందు. క్రిముల మీద పోరాడాల్సిన ఆమె ఒళ్ళే ఆమె మీద తిరగబడి ఉంటే ఇంకో మందు. ఒకదాని బదులు ఇంకోటి పడిందా, అంతే సంగతులు. అది తేల్చే పరీక్ష ఈ ట్రైనింగ్‌లోనే నేర్పుతారు. ఇవాళ ఆఖరి రోజు. పాఠం చెప్పే మేడమ్‌ని బతిమాలి, చెల్లి రక్తం ఐసుపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అన్నాడు.

ఆవిడ శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఏసీ చలికి వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి ఉన్నాయి.

"మేడమ్ రమ్మంది. అత్తగారు వచ్చిందని చెప్పండి, చాలు."

పక్క స్టూలు మీది పరిశోధకురాలు కిసుక్కున నవ్వింది.

"మేడమ్‌కి అసలు పెళ్ళే కాలేదు కదండీ. అత్తగారెక్కణ్ణుంచి ఊడిపడింది?"

"అబద్ధమాడినా అతికినట్టుండాలి," అన్నాడు టాపర్.

ఆవిడ కూడా నవ్వేసింది. అదే కొంప ముంచింది. ఏడుపు దిగమింగుకుంటున్నవాడి ముందు నవ్వితే ఒళ్ళు మండదూ!

"నవ్వులాటగా ఉందా? అవతల మా చెల్లి ప్రాణం మీదికొచ్చింది. మీరేమో లైన్లో నిలబడలేక దొడ్డిదారిన దూరి కూర్చున్నారు. చూపించుకోవాలంటే ఓపీ కింద ఉంది. పోండి."

"అయ్యో, చెల్లికేమైంది నాయనా?"

"మీకెందుకు? ఆ చేతులు బల్లకి ఆనించకండి, స్లైడ్లున్నాయి. ఆ చర్మమేమిటో, ఏం అంటిస్తారో!"

ఇమ్యునాలజీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తి గురించి, నేర్చుకోడానికొచ్చిన డాక్టరు నోట రావలసిన మాటేనా అది? గదినిండా డాక్టర్లే. ఒకాయన మైక్రోస్కోపు అద్దం తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

ఆవిడ లేచింది. తలుపు పిడి తిప్పబోతే వేళ్ళు ముడుచుకోలేదు. టాపరే తీశాడు. మర్యాదకి కాదు, త్వరగా వదులుతుందని.

"మీ చెల్లికి నయమవుతుంది నాయనా," అంది గుమ్మం దాటుతూ.

"చాల్లెండి, మీరు చెప్పాలి!"

ధడాలున తలుపు మూశాడు. కుర్చీలో తన బ్యాగు పెట్టి, తను స్టూలెక్కి కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే ఆవిడ బస్సెక్కుతోంది. మెట్టు ఎక్కలేకపోతే కండక్టరు చెయ్యి పట్టుకుని పైకి లాగాడు.

"పీడా పోయింది," అన్నాడు టాపర్.

మేడమ్ వచ్చింది. పాఠం మొదలైంది. టాపర్ చెల్లి రక్తం స్లైడు మీద వేసి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఒళ్ళే తిరగబడిన జబ్బయితే ఆ రంగు పచ్చగా మెరవాలి.

"మేడమ్! పచ్చగా మెరుస్తోంది!"

మేడమ్ కన్ను పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"మెరుస్తోంది గానీ, మసగ్గా ఉంది. ఇది జబ్బు మెరుపో, సరిగ్గా కడగని రంగు మెరుపో చెప్పలేను."

"ఎలా తేలుతుంది మరి?"

"ఆ జబ్బు ఖాయంగా ఉన్న మనిషి రక్తం పక్కన పెట్టాలి. రెండూ ఒకేలా మెరిస్తే మీ చెల్లిదీ అదే. అది లేకపోతే మనం చెప్పేది ఊహ. ఊహ మీద మందు వేస్తామా?"

"పెట్టండి మేడమ్!"

"సీసాలో దాచిన అలాంటి రక్తం పోయిన బ్యాచ్‌తోనే అయిపోయింది. ఇదేమో లక్షల్లో ఒకరికొచ్చే రకం. మాకు తెలిసి ఒక్కావిడే ఉంది. రెండు బస్సులు మారి, ప్రతి ట్రైనింగ్‌కీ తనే వచ్చి రక్తమిచ్చి పోతుంది. ఈపాటికి రావాలే!"

టాపర్ ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి.

"ఇంకెంతసేపు డాక్టర్? ఇక ఆగలేం. ఏదో ఒక మందు మొదలుపెట్టాలి. క్రిమి మందు వేసేస్తున్నాం."

"ఒక్క గంట! ఒక్క గంట ఆగండి!" అని అరిచి మేడమ్ వైపు తిరిగాడు. "ఆవిడకి ఫోను చెయ్యండి మేడమ్, మీకు దణ్ణం పెడతాను!"

"ఎక్కడయ్యా! ఆ వేళ్ళతో ఫోను నొక్కలేదు. అసలు పెట్టుకోదు."

వేళ్ళు అనగానే టాపర్‌ గిరుక్కున తిరిగాడు. తలుపు పక్క కుర్చీ వైపు చూశాడు. అందులో తన బ్యాగుంది. పక్క స్టూలు మీది పరిశోధకురాలు తల దించుకుంది.

ఆవిడ కాకూడదు, ఇంకెవరైనా అయి ఉండాలి అని వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంటూ అడిగాడు.

"పేరు... ఆవిడ పేరేమిటి మేడమ్?"

మేడమ్ నవ్వింది.

"అసలు పేరు నేనూ మర్చిపోయానయ్యా. ఆవిడ రక్తం ఏ కణం పక్కన పెట్టినా పోట్లాటకి దిగుతుంది. అందుకని ల్యాబంతా కలిసి ఓ ముద్దుపేరు పెట్టాం. ఆవిడకీ అదే ఇష్టం. ఎప్పుడొచ్చినా ఆ కుర్చీలో కూర్చుని, అత్తగారు వచ్చిందని చెప్పండి, అంటుంది."